అంకె పలకని ఫోను

ఒకరిని అడగకుండా తన పని తాను చేసుకోవాలనుకోవడం గర్వమా, కాదా? చూపు పోయిన నాటి నుంచీ, అందరూ మర్యాదగా న్యా అని పిలిచే సిందుల్ఫాను ఈ అనుమానం వదల్లేదు. పాపసంకీర్తనంలో ఫాదరును అడిగింది కూడా. గర్వం చెడ్డదన్నాడాయన, సోమరితనమూ చెడ్డదేనన్నాడు, మంగళవార్త జపం చెప్పుకోమని పంపేశాడు. అనుమానం ఆమె వెంటే ఇంటికొచ్చింది.

కొడుకు విల్ఫ్రిదో పసివాడుగా జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా పడి ఉన్నప్పుడు, ఆమె కాకుపే మరియమాతకు మొక్కుకుంది. బిడ్డ లేచి కూర్చుంటే ఇపాకరాయి ఊరి నుంచి మాత కోవెల ఉన్న కొండదాకా నడిచి వచ్చి ఒక కొవ్వొత్తి వెలిగిస్తానని. బిడ్డ లేచాడు, పెరిగి బస్సు డ్రైవరయ్యాడు. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. ఒక ఏడు కుట్టుపని తెమలలేదు, ఒక ఏడు వాన. ఆ తర్వాత చక్కెర జబ్బు కళ్ళనే తీసుకుపోయింది.

ఈ ఏడు వెళ్ళి తీరాలనుకుంది. పండుగ రోజుల్లో విల్ఫ్రిదోకు బస్సు వదిలే వీలుండదు. అందుకని ఒక్క షరతు పెట్టాడు. కిందటేడు సంతదారిలో చక్కెర తగ్గి ఆమె పడిపోయింది. కాబట్టి తన చక్కెర ఎంతుందో తానే తెలుసుకోగలిగితేనే నడవాలి. మామూలుగా అయితే అదేం కష్టం కాదు. వేలి నుంచి చుక్క రక్తం అద్దితే చిన్న యంత్రం కొలిచి అంకెను ఫోనుకు పంపేది, ఫోను దాన్ని చెవిలో చెప్పేది. కానీ నవంబరులో ఆ అంకె చూపే యాప్ కొత్త రూపు దిద్దుకుంది. ఎంత ముచ్చటగా ఉందో అన్నారు చూసినవాళ్ళు. సిందుల్ఫా ఫోను మాత్రం అంకె చెప్పాల్సిన చోట "బొమ్మ" అని ఊరుకుంది.

యాప్ కంపెనీకి ఫోను చేస్తే, పక్కనున్నవాళ్ళతో చదివించుకోమన్నారు. పక్కన ఉండేది తొమాసా, విల్ఫ్రిదోకు జ్ఞానస్నానపు తల్లి. నడకకు తోడొచ్చేదీ ఆమే. ప్రాణమైనా ఇస్తుంది, అంకె మాత్రం ఇవ్వదు. ఎంతుందే అంటే "బాగానే ఉంది" అంటుంది. గట్టిగా అడిగితే, "నీకెందుకే బెంగ, నేను లేనూ?" అంటుంది.

సిందుల్ఫా బస్సెక్కి రాజధాని అసున్సియోన్ వెళ్ళి, చన్నీళ్ళ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కంపెనీ గుమ్మంలో కూర్చుంది. మెయిలు రాయమన్నారు. రాశానంది, జవాబు ఇక్కడే తీసుకుని వెళ్తానంది. మర్నాడూ వచ్చి కూర్చుంది. చివరికి యాప్ రాసినవాళ్ళలో ఒకడు, దెర్లిస్ అనే అతను, కిందికి దిగి వచ్చాడు. ఆమె వెంటనే ఆకుపొడి మీద చన్నీళ్ళు పోసి తెరెరే కలిపి అందించింది. ఒకరి చేతి తెరెరే తాగుతూ మధ్యలో లేచిపోవడం మర్యాద కాదు. అతను కూర్చున్నాడు.

"మేం పరీక్షించాం న్యా సిందుల్ఫా. మా ఫోనులో చక్కగా చదువుతోంది."

"అయితే చదివించు నాయనా, నేనూ వింటాను."

అతను తన ఫోనులో చదివే గొంతును పెట్టి, తెర మీద వేలు జరిపాడు. "విన్నారుగా? నూట పన్నెండు."

"నూట పన్నెండు అన్నది ఫోను కాదు బాబూ, నువ్వు."

అతను నవ్వి మళ్ళీ జరిపాడు. మళ్ళీ విన్నాననే అన్నాడు.

"తెర నల్లగా చేసి చూడు. నా ఫోను ఎప్పుడూ అలాగే ఉంటుంది. వెలుగు నాకెందుకు, బ్యాటరీ దండగ."

తెర ఆర్పి వేలు జరిపాడు. "బొమ్మ" అంది ఫోను. ఇంకోసారి జరిపాడు. "బొమ్మ."

అప్పుడు తెలిసింది దెర్లిస్‌కు. కళ్ళు చదివినదాన్ని చెవులు విన్నాయనుకున్నాడు. అతనొక్కడే కాదు, పరీక్షించిన వాళ్ళందరూ అలాగే అనుకున్నారు. తప్పు మాదేనని ఒప్పుకుని, కొత్త సంవత్సరంలో సరిచేస్తామన్నాడు.

"మాత పండుగ డిసెంబరులో నాయనా. నీకోసం ఆమె తేదీ మార్చుకోదు."

అతను పైకి వెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడి, పండుగలోపే పంపిస్తామని మాట తెచ్చాడు. అయినా ఆమె లేవలేదు. చక్కెర మరీ తగ్గితే యాప్ ఏం చేస్తుందని అడిగింది. తెర ఎర్రబడుతుందన్నాడు.

"ఎరుపు నాకు వినపడదు. అది కూడా చెప్పించు."

అందుకూ సరే అనిపించుకున్నాకే లేచింది. తిరుగు బస్సులో పాత అనుమానం మళ్ళీ పలకరించింది. ఒకటి ఇస్తామంటే రెండోది అడిగాను, ఇది గర్వమేనా తల్లీ? ఆ "బొమ్మ" దగ్గర ఆగిపోయినవాళ్ళు ఇంకా ఎందరున్నారో అనుకుంది. అడిగినందుకు పశ్చాత్తాపం మాత్రం కలగలేదు.

దెర్లిస్ మాట నిలబెట్టుకున్నాడు. పండుగ ముందురోజు తెల్లవారుతూనే సిందుల్ఫా తొమాసా మోచెయ్యి పట్టుకుని బయల్దేరింది. దారి పొడవునా జనం, జపమాలలు, చిపా రొట్టెలు అమ్మేవాళ్ళ కేకలు. కొండ ఎక్కేటప్పుడు ఆమెకు చెమటలు పట్టాయి. ఆగి చుక్క అద్దింది. తొమాసా అలవాటుగా తెరలోకి తొంగి చూసి, "బాగానే ఉందిలే, నడు" అనబోయింది.

"అరవై నాలుగు. చక్కెర తక్కువ," అంది ఫోను.

"దీనికి నోరెక్కువైంది," అని గొణిగింది తొమాసా.

సిందుల్ఫా గట్టు మీద కూర్చుని నారింజరసం తాగింది, చిపా తింది, అంకె పెరిగేదాకా కదల్లేదు. తర్వాత లేచి మళ్ళీ నడిచింది.

కోవెల ముందు తొమాసా అగ్గిపెట్టె అందుకోబోతే ఇవ్వలేదు. తానే పుల్ల గీసింది. ఆరిపోయింది. ఇంకోటి గీసింది, అదీ ఆరిపోయింది.

"గాలికి నీ చేతులు అడ్డం పెట్టవే," అంది.

తొమాసా రెండు చేతులూ దోసిలిలా చుట్టింది. సిందుల్ఫా ఒత్తిని వేలితో తడిమి పుల్ల ఆనించి, చెంపకు వేడి తగిలేదాకా ఆగింది.

"ఆలస్యమైంది తల్లీ. ఇదిగో, నీ కొవ్వొత్తి."