బొటనవేలి కొలత

ఆ ఉదయం ఆకాశం సరిగ్గా పిండకుండా ఆరేసిన బట్టలా బరువుగా వేలాడుతోంది. వాన మాత్రం రాలేదు. ఇస్త్రీపెట్టె వేడెక్కేదాకా నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మా వదిన కత్తెర ముట్టుకోకుండా బల్ల ముందు నిలబడి ఉంది. పాటల టీచరమ్మ తెచ్చిన నీలం బట్ట ఒక్కటే ముక్క. వాళ్లమ్మ దాచి ఇచ్చిందట, అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు. రేపు సాయంత్రం ఆ బట్టతో కుట్టిన కోటు వేసుకుని ఆవిడ వేదికెక్కాలి. తప్పు కోస్తే ఇక అంతే.

ఆవిడ కోరిన కోటు వేసుకున్న అమ్మాయి బొమ్మ ఫ్యాషన్ పత్రికలో నిండు పేజీకి ఉంది. ఆ పత్రికలో నిలువు బొమ్మలన్నీ ఎప్పుడూ ఒకే లెక్కలో వస్తాయి. కాగితం మీద బొటనవేలి వెడల్పు ఉంటే బట్ట మీద జానెడు. వదిన వేలు ఆనించి చెప్పేస్తుంది. కానీ బొమ్మ ముందువైపుదే. వీపు ఎలా ఉందో కాగితంలో లేదు.

"ఫోన్లో వచ్చే పత్రికలో ఈ అమ్మాయి నడుస్తుందత్తయ్యా. వెనక్కి కూడా తిరుగుతుంది," అంది వదిన కోడలు.

"తిరగమను మరి. పాపం, మన కోసమేగా."

తిరిగింది. భుజాల మధ్య మడత, దాని కింద కుట్టు, దారం మెలికతో సహా కనిపించాయి. అంత చిన్న అద్దంలో అంత బట్ట ఎలా పట్టిందో అని నేను ఇస్త్రీ ఆపి చూశాను.

వదిన అలవాటుగా ఫోను మీద బొటనవేలు ఆనించి కొలత చెప్పింది. మా ఇంట్లో కొత్త బట్ట కంటే ముందు పాత దుప్పటి కోస్తారు. కోసి, పొడుగు కుట్లు వేసి, టీచరమ్మ ఒడ్డూ పొడుగే ఉన్న కోడలికి తొడిగాం. వీపు గుడారంలా లేచింది.

"ఇందులో నేనూ మామయ్యా ఇద్దరం పడతాం," అంది కోడలు.

"మీ మామయ్య మాట్లాడడుగా, ఇంకా చోటు మిగులుతుంది," అంది వదిన. మళ్లీ ఫోను వైపు చూసింది. "బొమ్మను పెద్దది చేశావా?"

"మీకు బాగా కనబడాలని వేళ్లతో లాగానత్తయ్యా."

వదిన కోప్పడలేదు. పత్రిక తెచ్చి ఫోను పక్కన పరిచింది. "కాగితం మీద ఈ భుజం నుంచి ఆ భుజానికి ఎంతుందో, వీపు బొమ్మను అంతకు తగ్గించు."

నేను దారం ముక్కతో కాగితం మీద కొలిచి ఫోను మీద పట్టాను. కోడలు రెండు వేళ్లూ దగ్గరికి జరుపుతూ వచ్చింది.

"చాలు," అన్నాను.

ఈసారి దుప్పటి ముక్క వీపు మీద కుదురుగా కూర్చుంది. అప్పుడు వదిన నీలం బట్ట పరిచింది. కత్తెర ఎక్కడా ఆగలేదు. ఇన్నేళ్లుగా వింటున్నా, ఆ చప్పుడు మొదలైతే నా చేతిలో ఇస్త్రీపెట్టె దానంతటదే పైకి లేస్తుంది.

మధ్యాహ్నం ముక్కలూ పత్రికా ఫోనూ బల్ల మీదే వదిలి కింద కూర్చున్నాం. వదిన ముందు కోడలి కంచంలో వడ్డించింది.