నూకరత్నం చేతిలోని తాడు

నేను ఒక కుక్క తాడుని. నవ్వకండి. ఆత్మకథ చెప్పుకునే హక్కు నాణేలకీ గడియారాలకీ మాత్రమే రాసివ్వలేదు కదా! పొడవు ఆరడుగులు, వెడల్పు బొటనవేలంత. ఒక కొసన ఇత్తడి కొక్కెం, రెండో కొసన చెయ్యి దూర్చుకునేందుకు పిడి. షాపుల్లో నాలాంటివాటిని లీష్ అంటారు. నన్ను మాత్రం ఏ షాపులోనూ అమ్మలేదు. విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ వెనక సందులో స్కూలు సంచులు కుట్టే ఒక ముసలాయన, పట్టీలకి తెచ్చిన నవారు కాస్త మిగిలితే, ఎవరో బ్యాంకు ఆఫీసరు అడిగాడని గంటలో కుట్టిపారేశాడు. కుట్టి, రెండు చేతులా లాగి చూసి, "ఏనుగుని కట్టినా తెగదు" అన్నాడు. ఏనుగు సంగతేమోగానీ, నేను పుట్టాక విన్న మొదటి మెచ్చుకోలు అదే.

బ్యాంకు ఆఫీసరు గారింట్లో బొద్దుగా ఒక లాబ్రడార్ ఉండేది. పొద్దున్నే ఆయన ఫోను చెవికి ఆనించుకుని బీచిరోడ్డు మీదకి బయల్దేరేవాడు. కుక్క అటు లాగేది, ఆయన ఇటు లాగేవాడు, మధ్యన నా నడుం పడిపోయేది. కుక్కని నడిపించి వచ్చానని ఇంటికెళ్ళి గొప్పగా చెప్పుకునేవాడు. ఎవరు ఎవర్ని నడిపించారో నన్నడిగితే చెప్పేదాన్ని. తర్వాత ఆయనకి బదిలీ అయింది. కుక్క ఎవరి తోటకో వెళ్ళిపోయింది, నేను అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కి దక్కాను. వాచ్‌మన్ నాతో గ్యాస్ బండని సైకిలుకి కట్టాడు, పరుపు చుట్టి కట్టాడు, చివరికి ఒక మేకని కట్టాడు. ఆ మేక నా అంచు నమిలిన గుర్తు ఇప్పటికీ ఉంది. తాడు కనబడితే చాలు, ఈ మనుషులకి దేన్నో ఒకదాన్ని కట్టేస్తేనేగానీ తోచదు.

మేకనైతే ఆషాఢంలో కోసేశారు. నేను మేకుకి వేలాడుతుండగా పక్కవీధినుంచి ఒకావిడ వచ్చింది. పొట్టిగా, గట్టిగా, కొంగు బొడ్లో దోపుకుని. పేరు నూకరత్నం.

"వదినా, తాడేదైనా ఉందేటి? గొలుసు పనికిరాదట. గుడ్డ తాడే కావాలట, ఆరడుగులదే కావాలట" అంది వాచ్‌మన్ భార్యతో.

"ఎవలడిగేరేటి అంత కొలతలెట్టి?"

"పరీక్షకమ్మా. నాకూ నా కుక్కకీ పరీక్ష."

వాచ్‌మన్ భార్య నోరు నొక్కుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అరవై రెండేళ్ళ మనిషికి పరీక్షేమిటి, అదీ కుక్కతో కలిసి! ఆ నవ్వు నాకు ఎక్కువ రోజులు నిలవలేదు.

నూకరత్నం ముప్ఫయ్యొక్కేళ్ళు పిల్లల ఆస్పత్రిలో ఆయాగా చేసింది. పక్కగుడ్డలు మార్చడం, ఒళ్ళు తుడవడం, ఆపరేషన్‌కి వెళ్ళే పిల్లల్ని ఎత్తుకుని తలుపుదాకా తీసుకెళ్ళడం. ఆవిడకి పిల్లల్లేరు. "పిల్లల్లేరా?" అని ఎవరైనా అడిగితే "వార్డునిండా ఉన్నారు కదా" అనేదట. వార్డులో పొద్దున్నుంచి సాయంత్రందాకా నలువైపులనుంచీ ఒకటే పిలుపు, "ఆయమ్మా! ఆయమ్మా!" అని. రిటైరైన రోజున దండేశారు, శాలువా కప్పారు, పంపించేశారు. మర్నాటినుంచి ఆ పిలుపు లేదు. వీధిలో అందరికీ ఆవిడ నూకరత్నమే.

ఉండబట్టలేక మూడుసార్లు ఆస్పత్రికి వెళ్ళింది. ఈలోగా వార్డు కొత్త బిల్డింగులోకి మారింది, పాత సిస్టర్లు తలో ఊరికీ వెళ్ళిపోయారు, గేటు దగ్గర కొత్త కంపెనీ గార్డులు నిలబడ్డారు. "ఏ పేషెంటు తాలూకు మీరు?" అని అడిగాడు ఒకడు. ముప్ఫయ్యొక్కేళ్ళు అక్కడే బతికిన మనిషిని అడిగే ప్రశ్నేనా అది! వెనక్కి తిరిగింది. మూడోసారి తిరిగొస్తుంటే గోడమీద కాగితం కనబడింది. పిల్లల దగ్గరికి వారానికోసారి కుక్కని తీసుకొచ్చి కూర్చునే స్వచ్ఛంద సేవకులు కావాలి, శిక్షణ ఉచితం, పరీక్ష పాసైన జట్లకే లోపలికి అనుమతి అని అందులో ఉంది.

అదీ సంగతి. దాచడమెందుకు, కుక్కమీద ప్రేమతో మొదలుపెట్టిన పని కాదిది. కుక్క ఆవిడకి గేటు పాసు. వీధిచివర ఇసక గుట్టమీద పెరుగుతున్న ఊరకుక్క పిల్లని తెచ్చింది. సన్నగా, పచ్చగా ఉందని తేగ అని పేరు పెట్టింది. సూదులు వేయించింది, స్నానం చేయించింది, గోళ్ళు తీసింది. ముప్ఫయ్యొక్కేళ్ళ చేతివాటం కదా, తేగ కూడా రోగిలాగే బుద్ధిగా చేయించుకునేది. ప్రేమ ఎప్పుడు మొదలైందో ఆవిడకే తెలియదు. నాకు తెలుసు. ఒక వర్షం రోజున తేగ మెడలోంచి నా కొక్కెం తీసి, దాన్ని తన దుప్పట్లోకి లాక్కుంది. "ఏటే, సలేస్తందా?" అంది. అప్పట్నుంచీ అది గేటు పాసు కాదు.

శిక్షణ ఇచ్చేది నరసయ్యగారు. పోలీసు డాగ్ స్క్వాడ్‌లో చేసి రిటైరైన మనిషి. మీసం తెల్లబడిందిగానీ గొంతు తెల్లబడలేదు. ప్రతి ఆదివారం ఒక స్కూలు గ్రౌండులో చక్రాల కుర్చీలు తోయించేవాడు, స్టీలు పళ్ళేలు కింద పడేయించేవాడు, కుక్క ముక్కు ముందు బిస్కట్టు పెట్టి ముట్టుకోవద్దనేవాడు. తేగ అన్నీ నేర్చింది. ఇక నా సంగతంటారా, నేను బిగుసుకోకూడదు. తాడు వదులుగా జారుతూ ఉంటేనే కుక్కకీ మనిషికీ పొత్తు కుదిరినట్టు. ఇన్నాళ్ళూ బిగించి కట్టడానికే పనికొచ్చిన నాకు, వదులుగా ఉండు అని చెప్పిన మొదటి మనిషి ఆయనే. హాయిగా అనిపించింది.

"ఇంకొక్క మాట నూకరత్నంగారూ," అన్నాడు నరసయ్యగారు పరీక్షకి ముందు, "ఏం జరిగినా తాడు వదలకూడదు. మనిషి పడినా సరే. సిస్టర్ని కేకెయ్యండి, అంతే. మీరు ముట్టుకోకూడదు."

"అలగే బాబూ" అని తలూపింది.

సాయంత్రాలు తేగని నడిపించే వంకతో ఆవిడ ఆస్పత్రి వెనక గోడదాకా వెళ్ళేది. రెండో అంతస్తు కిటికీల కింద ఆగేది. అయిదున్నరకి పైన గ్లాసుల చప్పుడు. "పాలు పోస్తన్నారే" అని తేగకి చెప్పేది. ఎవరో పిల్ల ఏడుస్తుంది. ఎవరూ వెళ్ళినట్టుండదు. అప్పుడు నా పిడిలో ఆవిడ వేళ్ళు బిగుసుకునేవి. పైకెళ్ళాలని, ఒక్కసారి ఆ మంచాల మధ్య నడవాలని ఆవిడకి ఎంత ఉండేదో నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ ఆశంతా నా నవారులోకి చెమటై దిగేది.

పరీక్షరోజు రానే వచ్చింది. పళ్ళెం పడింది, తేగ చెవి కదిపి ఊరుకుంది. చక్రాల కుర్చీ వచ్చింది, పక్కకి జరిగింది. బిస్కట్టుని చూసి మొహం తిప్పుకుంది. మిగిలింది ఒక్కటే. రోగి వేషం వేసిన కాలేజీ పిల్ల ఒకతె వాకర్ పట్టుకుని నెమ్మదిగా వస్తోంది. తేగని నిమరబోతూ వంగింది. వాకర్ జారింది, పిల్ల మోకాళ్ళు మడతపడ్డాయి.

నేను నేలమీదున్నాను! ఎప్పుడు వదిలిందో నాకే తెలియలేదు. నూకరత్నం ఆ పిల్ల మెడకింద ఒక చెయ్యి, నడుంకింద ఒక చెయ్యి వేసి, నేలకి తగలకుండా పట్టి, మెల్లిగా పడుకోబెట్టేసింది. "భయం లేదమ్మా, భయం లేదు, ఊపిరి తీసుకో" అంటోంది.

"ఆంటీ... నేను యాక్టింగండీ" అంది కాలేజీ పిల్ల.

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నరసయ్యగారు నవ్వలేదు. నన్ను నేలమీదనుంచి తీసి, దుమ్ము దులిపి, ఆవిడ చేతికిచ్చాడు.

"కుక్క పాసమ్మా. మీరు ఫెయిలు. జట్టుకి ఒకటే మార్కు, కాబట్టి ఇద్దరూ ఫెయిలే."

"పడిపోతంటే చూస్తూ ఊరుకుంటానా బాబూ!"

"మీరామెని పట్టుకున్నారు. ఈలోగా ఆ తాడు ఇంకో పిల్ల కాళ్ళకి చుట్టుకుంటే? కుక్క బెదిరి సెలైన్ గొట్టం లాగేస్తే? అక్కడ పట్టుకోడానికి వేరే మనుషులుంటారమ్మా. మీ పని తాడు పట్టుకోడమే."

ఆయన మాటలో తప్పేం లేదు. అదే బాధ. పట్టుకోడానికి వేరే మనుషులుంటారు అన్న ముక్క దగ్గర ఆవిడ మొహం చూశాను. ఇంటికొచ్చి నన్ను మేకుకి తగిలించి, తేగకి అన్నం పెట్టి, గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. చేతులు చూసుకుంటూ ఏడ్చింది.

మళ్ళీ పరీక్షకి మూడు నెలలు. ఈ మూడు నెలల్లో ఆవిడ చేసిన సాధన చూసి వీధి వీధంతా ఈవిడకేదో అయిందనుకుంది. ఒక చేత్తో నన్ను పట్టుకుని, రెండో చేత్తో బల్లమీంచి గ్లాసు పడేసేది. గ్లాసు దొర్లుతుంటే కదలకుండా నిలబడేది. నీళ్ళు గుమ్మందాకా పారినా వంగేది కాదు. పక్కింటావిడ కూతురిని బతిమాలి, "ఒకపాలి పడవే, మెత్తగా పడు" అని వాకిట్లో పడేయించుకుని, తను మాత్రం రాయిలా నిలబడి "సిస్టర్! సిస్టర్!" అని అరిచేది. మొదట్లో ఒక కాలు ముందుకెళ్ళిపోయేది. తర్వాత మడమ లేచేది. చివరికి నా పిడిలో వేళ్ళు మాత్రం బిగుసుకునేవి. మనుషులు సాయం చెయ్యడం నేర్చుకోవడం చూశానుగానీ, చెయ్యకుండా ఉండడం ఇంత కష్టపడి నేర్చుకోవడం నేనెక్కడా చూడలేదు.

రెండోసారి పాసైంది. కాలేజీ పిల్ల ఈసారి మరీ బాగా పడింది. నూకరత్నం కదల్లేదు. సిస్టర్ని కేకేసింది. ఆవిడ గోళ్ళు దిగిన చోట నా పోగులు నాలుగు తెగాయి, అది నరసయ్యగారి కాగితంలో ఎక్కలేదు. ఇద్దరి ఫొటోలూ ఉన్న కార్డు ఇచ్చారు. తేగ ఫొటోయే బాగా వచ్చింది.

మొదటి బుధవారం. గేటు దగ్గర మునుపటి గార్డే కార్డు చూసి, "రండి మేడమ్" అని పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, మేడమ్ ఎవరా అని. మెట్లెక్కుతుంటే డెట్టాలు వాసన తగిలింది. ఒక్క క్షణం ఆగి, కళ్ళు మూసుకుని గుండెలనిండా పీల్చుకుంది. పండగపూట పిండివంటలకి కూడా ఎవరూ అంత ఆశగా ముక్కు పెట్టరు.

వార్డులో పిల్లలు ఒక్కసారిగా కేకలేశారు. "కుక్క మేడమ్! కుక్క మేడమ్!" ఎవరి నోటా ఆయమ్మ లేదు. ఆవిడ నవ్వింది. మంచం మంచం దగ్గరా తేగని కూర్చోబెట్టింది. చెయ్యి కదపని ఒక పిల్లాడు తేగ చెవి కోసం రెండు వేళ్ళు జరిపాడు. చూస్తున్న తల్లి నోటికి చీర అడ్డం పెట్టుకుంది. వదులుగా వేలాడుతూ నేను కూడా పొంగిపోయాను.

కిటికీ పక్క మంచం మీద లిఖిత అనే ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది. కాలికి ఆపరేషనైంది. తేగ తన దగ్గరికొచ్చేదాకా ఆగలేక ముందుకు వంగింది. ఒరిగింది. మంచం అంచునుంచి భుజం జారింది.

నేను బిగుసుకున్నాను. పరీక్షల్లో కూడా అంత బిగుసుకోలేదు. తేగ కూర్చున్నచోటే ఉంది. లాగుతున్నది రెండో కొస. ఆవిడ ఒళ్ళంతా ఆ మంచం వైపుకి వెళ్తోంది, చెయ్యి మాత్రం నాలో ఉండిపోయింది. "సిస్టర్!" అంది.

పరిగెత్తుకొచ్చింది సిస్టర్ కాదు, కొత్త ఆయా. ఈశ్వరి అని పాతికేళ్ళ అమ్మాయి, చేరి నెలయిందట. పిల్ల రెక్క పట్టుకుని పైకి లాగబోయింది. పిల్ల కెవ్వుమంది.

"రెక్క లాగకమ్మా!" అంది నూకరత్నం. "మెడకింద ఒక చెయ్యెట్టు. రెండోది నడుంకింద. ఆఁ. ఇప్పుడు నీ ఒంటికి ఆనించుకో. కాలు నువ్వు ముట్టుకోకు, దానంతటది వస్తది. మెల్లిగా. మెల్లిగా తల్లీ."

ఈశ్వరి చెప్పినట్టే చేసింది. లిఖిత దిండుమీదకి చేరింది, ఏడుపు ఆపింది. ఈశ్వరి చెమట తుడుచుకుంటూ ఈవిడ వంక తేరిపార చూసింది.

"మీకియ్యన్నీ ఎలా తెలుసు మేడమ్?"

ఒక్క మాట చాలు. నేనిక్కడ ముప్ఫయ్యొక్కేళ్ళు చేశానమ్మా అంటే, ఈ పిల్ల అప్పటికప్పుడే కాళ్ళకి దండం పెట్టి ఆయమ్మా అనేది. వార్డంతా అనేది. మూడేళ్ళుగా ఆ మాటకోసం ఈవిడ ఎంత మొహం వాచిపోయిందో నాకు తెలుసు. పెదవి కదిలింది కూడా. కానీ వార్డులో నాలుగు వైపులనుంచీ ఆయమ్మా అని పిలిస్తే, ఆ చెయ్యి నన్ను పట్టుకుని ఉండదు. నాకు తెలిసిన సంగతే ఆవిడకీ తెలుసు.

"ఏదోనమ్మా, అలా తెలుసు" అంది. నన్ను మణికట్టుకి ఇంకో చుట్టు చుట్టుకుని, తేగని తీసుకుని పక్క మంచం దగ్గరికి నడిచింది.