మెత్తబడిన మనిషి

"బిందె ఇట్లియ్యి, నేను తెస్తాలే," అన్నాడు మా ఆయన.

పెళ్ళయిన పధ్నాలుగేళ్ళలో ఆయన నోట అలాంటి మాట నేను వినలేదు. బావి దగ్గర బిందె చంకకెత్తుకోబోతూ అలాగే ఆగిపోయాను. వెక్కిరిస్తున్నాడేమో అనుకున్నాను. వెనకనుంచి దెబ్బ పడుతుందేమోనని మెడ దానంతటదే ముడుచుకుపోయింది. ఆయన బిందె అందుకుని భుజాన పెట్టుకుని, నీళ్ళు చొక్కా మీద ఒలుకుతున్నా పట్టించుకోకుండా ఇంటిదాకా నడిచాడు. వీధి అరుగుల మీద ఆడవాళ్ళు మాటలాపి చూశారు. ఆయన వెనక నడుస్తున్న నాకు, ఖాళీగా ఉన్న నా చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

మాది పెద్దారవీడు దగ్గర సేద్యపు కుటుంబం. మా ఆయన చెన్నకేశవులు, మరిది కోటయ్య చేలు కౌలుకిచ్చి మార్కాపురం వచ్చి పలకల షెడ్డు పెట్టారు. గనిలో తీసిన రాయిని పలుచగా చీల్చి, కొలతకు కోసి, షెడ్డులో చెక్క చట్రాలు బిగిస్తారు. మధ్యలో నీళ్ళు చల్లుకుంటూ ఇసకరాయితో పలకను నున్నగా రుద్దే పని ఇంటి ఆడవాళ్ళది. అంటే నాదీ, తోడికోడలు యల్లమ్మదీ. వంట, నీళ్ళు, గొడ్లు, పిల్లలు అయ్యాక మిగిలిన పొద్దంతా పలకలే. నా వేలికొసల మీద గీతలు కూడా మిగల్లేదు. దాన్ని ఎవరూ పని అనలేదు. "ఇంట్లో కూచోనుండేదే గదా," అనేది మా అత్త మాలకొండమ్మ. పలక అంచు పెచ్చు లేచిపోతే మా ఆయన చెయ్యి లేచేది. అన్నం చల్లారినా, మా కూతురు ఆదెమ్మ ఏడ్చినా, ఏమీ లేకపోయినా లేచేది. గోడకవతల కోటయ్య ఇంట్లోనూ ఇదే. అక్కడ చప్పుడు మొదలైతే నేనూ, ఇక్కడ మొదలైతే యల్లమ్మా తల వంచుకుని ఎవరి పలక వాళ్ళం రుద్దుకునేవాళ్ళం, వానొస్తే చూరు కిందికి జరిగినట్టు.

అది కొత్త రాజుకు పట్టాభిషేకమై బడిపిల్లలకు మిఠాయి పంచిన ఏడాది. ఆ వేసవినుంచే మా ఆయన మెత్తబడుతూ వచ్చాడు. నేను తిన్నానా లేదా అని అడిగాడు. ఆదెమ్మకు జడ వేయబోయి చిక్కుపెట్టి తనలో తనే నవ్వుకున్నాడు. పొయ్యి దగ్గర నా పక్కన పీట వేసుకుని, మంట చూస్తూ కూర్చునేవాడు. మొదట్లో భయపడ్డాను. భయం కూడా అలవాటు తప్పుతుందని నాకు అప్పుడే తెలిసింది. రెండు నెలలయ్యేసరికి ఆయన అడుగుల చప్పుడు వింటే నా చేతిలో పని ఆగడం మానేసింది. ఒకరోజు పలక రుద్దుతూ ఏదో కూనిరాగం తీస్తున్నానని యల్లమ్మ చెబితే గానీ నాకు తెలియలేదు. ఇదేనేమో మొగుడంటే, ఇన్నాళ్ళూ దారిలో ఎక్కడో ఆలస్యమై ఇప్పటికి ఇల్లు చేరాడేమో అనుకున్నాను. పొద్దున్నే ఆయన తల పట్టుకుని మూలుగుతున్నా, పరగడుపునే వాంతి చేసుకుంటున్నా, అంత సంతోషం మధ్య అది పెద్ద విషయంగా తోచలేదు. ఆ మాట ఇప్పుడు రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా నిజం.

మా అత్తకు మాత్రం తోచింది. "నా కొడుక్కి ఏం పెట్టినావే?" అంది ఒకరోజు, వాకిట్లో అందరూ వింటుండగా. "పెండ్లాం బిందె మోసేటోడు కాదు వాడు. వానికి ఏందో మందు పెట్టినావు."

మందు కక్కిస్తాడని పేరున్న ఒకతన్ని కోటయ్య పిలుచుకొచ్చాడు. అతను నా పెట్టె బోర్లించి, చీర మడతలు విప్పి, నా అమ్మ ఇచ్చిన కుంకుమ భరిణె కూడా వాసన చూశాడు. తడిబట్టలతో నిలబెట్టి, అరచేతిలో కర్పూరం వెలిగించి ప్రమాణం చేయించారు. మా ఆయనకు ఏదో పసరు తాగించారు. ఆయన కక్కుతుంటే, "చూడు, బయటికొస్తాంది," అంది అత్త. "తలనొప్పి గదత్తా, ఆసుపత్రికి తోలకపోదాం," అన్నాను. "పెట్టేదీ నువ్వే, వైద్యం చెప్పేదీ నువ్వేనా," అంది. నా అరచేతి బొబ్బ పగిలి, ఇసకరాయి పట్టుకున్నప్పుడల్లా మండేది.

దసరా ముందు షెడ్డులో చట్రం బిగిస్తూ ఆయన పడిపోయాడు. కుడిచెయ్యి, కుడికాలు కొట్టుకున్నాయి. నోట నురగ వచ్చింది. అప్పుడు మంచం మీద మోసుకుని డాక్టరు కరుణాకరం గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఊళ్ళో చిన్న ఆసుపత్రి నడిపే మనిషి, నెమ్మదస్తుడు. చిన్న దీపమున్న అద్దం పట్టుకుని మా ఆయన కళ్ళలోకి చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం తీసుకుని కూర్చున్నాడు.

"మనిషిలో మార్పు ఎప్పటినుంచి?"

"ఏ మార్పూ లేదు సామీ. బంగారమట్లాటోడు," అంది అత్త.

డాక్టరు నా వైపు చూశాడు. మగవాళ్ళ ముందు నన్ను ఎవరూ ఏదీ అడిగింది లేదు.

"నాలుగు నెల్లనుంచి నన్ను కొట్టలేదయ్యా," అన్నాను.

రాస్తున్న చెయ్యి ఆగింది. కోటయ్య గోడవైపు తిరిగాడు. "ఏ మొగుడు కొట్టడు సామీ, అదొక లెక్కనా," అంది అత్త. డాక్టరు నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. తర్వాత నాకు అర్థమయ్యేటట్టు చెప్పాడు. తలకాయ ఎముక మూతపెట్టిన డబ్బా లాంటిదట. లోపల గడ్డ పెరిగితే మెదడు పక్కకు జరగడానికి చోటుండదు. అందుకే పొద్దున్నే నొప్పి, వాంతి. "నుదురు వెనక భాగంలో మనిషి కోపం, అదుపు, గుణం ఉంటాయమ్మా. అక్కడ గడ్డ పుడితే కొందరు కోపిష్టులైతారు. కొందరు ఇట్ల మెత్తబడతారు."

"అయితే ఈ మంచితనం జబ్బా అయ్యా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మద్రాసు తోలకపోండి. ఆలస్యం చేయొద్దు," అన్నాడు.

గుంటూరులో రైలు మారి మద్రాసు చేరాం. అక్కడి పెద్దాసుపత్రిలో తలకు సూదులతో మొద్దుబార్చి, మనిషి మెలకువగా ఉండగానే ఎముక తెరిచారట. అందినంత గడ్డ తీశారు. అందనిది అలాగే వదిలేసి, తీసిన ఎముక ముక్క మళ్ళీ పెట్టకుండా పైన తోలు కుట్టేశారు. ఏమైందో కోటయ్యకు ఇంగ్లీషులో చెప్పారు. ఆయనకు సగం అర్థమైంది, ఆ సగం కూడా నాకు చెప్పలేదు. ఒంగోలు వైపునుంచి వచ్చిన నర్సు రూతమ్మను నేనే పట్టుకుని అడిగాను.

"అది పుట్టకురుపు చెల్లే, మెదడులో పుట్టింది," అంది ఆమె నా చెయ్యి పట్టుకుని. "చేన్లో గరిక తీసినట్టు. పైది తీసినారు. యేర్లు మెదడులోకి పోయినాయి. వాటిని తీస్తే మనిషే ఉండడు. ఇప్పుడు కంటికి కనపడని వెలుగు పెడతారు, ఇరవై రోజులు. దాంతో కొన్నాళ్ళు అణుగుద్ది. పోదు. మళ్ళీ వచ్చుద్ది."

"ఎన్నాళ్ళకు?"

"ఆరు నెలలు. దేవుడు దయజూస్తే ఏడాది."

ఆపరేషనైన పదో రోజు పొద్దున గంజి తీసుకెళ్ళి నోటికి అందించాను. ఆయన ఒక గుటక మింగి నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. లేవబోయేలోపే గిన్నె నా రొమ్ముకు తగిలి కింద పడింది. "సల్లారిన గంజి తెచ్చినావేందే ముండా."

వార్డంతా తిరిగి చూసింది. మా అత్త చేతులు జోడించి ఏడ్చింది, "నా కొడుకు నాకు దక్కినాడు," అని. పెద్ద డాక్టరు వచ్చి, ఒత్తిడి తగ్గిందనీ, మనిషి తెలివిలోకి వచ్చాడనీ సంతోషపడ్డాడు. అందరూ సంతోషపడుతుంటే నేను కింద కూర్చుని చీర కొంగుతో గంజి తుడిచాను. నాలుగు నెలలు నాతో ఉన్న మనిషిని, తీసిన గడ్డతో పాటు ఏదో గాజు సీసాలో వేసి ఎక్కడికో తీసుకెళ్ళారని అనిపించింది. ఏడవాలంటే ఎవరి కోసం ఏడవాలి? బతికున్న మొగుడి పక్కన కూర్చుని పోయిన మొగుడి కోసం ఏడిస్తే లోకం ఏమంటుంది? నా కళ్ళు తడిసినందుకు రూతమ్మ నా భుజం తట్టి, "సంతోషమా చెల్లే," అంది. ఔనన్నాను.

వెలుగు వైద్యం ఇరవై రోజులూ అయింది. జుట్టంతా రాలిపోయింది. కణతల దగ్గర తోలు కమిలి నల్లబడింది. ప్రతిసారీ ఆయన్ను అక్కడినుంచి తెచ్చి పడుకోబెట్టాక వాంతులు. అవి ఎత్తిపోసేదీ నేనే, అవి ఎత్తిపోస్తున్నందుకు తిట్లు తినేదీ నేనే. ఇంటికొచ్చాక అయిదు నెలలు ఆయన షెడ్డుకు పోయాడు, గుడ్డ చుట్టిన తలతో. తలకు దెబ్బ తగలకూడదని డాక్టర్లు చెప్పారు కాబట్టి ఆయన కోపం వచ్చినప్పుడు నేను పారిపోవడానికి లేదు. వెంటపడి ఆయన జారితే ఎముక లేనిచోట తగులుతుంది. అందుకని నిలబడే ఉండేదాన్ని.

రోహిణికార్తె ఎండల్లా ఎండలు కాసిన ఒక మధ్యాహ్నం, ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా చేతిలో ఇసకరాయి తీసుకుని, "అలిసిపోయినావు. నేను రుద్దుతా," అన్నాడు. రాయి ఆయన వేళ్ళలోంచి జారిపోయింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ జారింది. కుడిచెయ్యి పట్టు తప్పుతోంది. జబ్బు తిరిగొచ్చిందని తెలిసిపోయింది. అప్పుడు నాకు కలిగింది భయమా, సంతోషమా అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

కరుణాకరం గారు మళ్ళీ కళ్ళు చూసి తల అడ్డంగా ఆడించారు. ఇంకోసారి మద్రాసు పోతే నెలో, రెండు నెలలో కలిసొస్తాయి, అందులో ఎక్కువ రోజులు ఆ వార్డులోనే గడిచిపోతాయి, నయం కావడమన్నది లేదు అన్నారు. కోటయ్య అయినా స్టేషనుకు బండి కట్టించాడు. నేను ఆలోచిద్దామన్నాను.

"ఆలోచించేదేముంది?" అంది అత్త. "నీకు వాడు ఇట్ల ఉంటేనే బాగుంటది. నాకు తెల్వదా."

ఆ మాట కత్తిలా దిగింది. అబద్ధమైతే అంత లోతుకు దిగేది కాదు. లోపలికెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చున్నాను. ఈ ఇంట్లో ఆయన్ను ఎవరూ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"మద్రాసు పోదామా?"

ఆయన మాట అప్పటికే ముద్దగా వస్తోంది. "వద్దు. ఆ లైటు కింద పండుకోబెట్టొద్దు. ఈడనే ఉంటా."

సరేనన్నాను. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను. పదిహేనేళ్ళు నా గొంతులో ఉన్న మాట, దెబ్బకు భయపడి అడగనిది, ఇప్పుడు దెబ్బ కొట్టలేని మనిషిని అడిగాను.

"ఒంట్లో బాగున్నప్పుడు నన్ను ఎందుకు కొట్టేవాడివి?"

ఆయన తప్పించుకోలేదు. పైకప్పు వైపు చూస్తూ, నిజంగా వెతికినట్టు కాసేపు ఆలోచించాడు. తర్వాత పసివాడిలా నవ్వాడు.

"ఏమో," అన్నాడు. "ఎవురూ వద్దనలేదు గదా."

బయటికొచ్చి కోటయ్యతో, "ఎద్దుల్ని విప్పు. యాడికీ పోయేది లేదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన కోసం ఆపానా, నా కోసం ఆపానా అని తర్వాత చాలాసార్లు తవ్వి చూసుకున్నాను. రెండూ దొరికాయి.

నలభై రోజులు పట్టింది. కరుణాకరం గారు రోజూ వచ్చి నొప్పికి సూది వేసేవారు. మాట పోయింది, మింగడం పోయింది. వీపున పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పేదాన్ని. అత్త కొడుకు అరికాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఒక మధ్యాహ్నం, నేను దూదితో పెదవులు తడుపుతుండగా ఊపిరి ఆగింది.

పెద్దకర్మ నాడు వచ్చిన చుట్టాలు నా చుట్టూ కూర్చుని, ఆయన దేవుడట్లాంటివాడనీ, ఏమన్నా కోపం చేసి ఉంటే అది పాపం లోపలి గడ్డ చేసిందనీ అన్నారు. అప్పుడు కరుణాకరం గారి కాగితం మీద ఉన్నది ఇంటింటికీ తిరిగి చదివి వినిపించాలనిపించింది. గడ్డ చేసింది నీళ్ళు మోయడం. గడ్డ చేసింది జడ వేయడం. మిగిలిన పధ్నాలుగేళ్ళూ ఆరోగ్యం. కానీ నోరు విప్పలేదు. అలిసిపోయి ఉన్నాను.

నెల తిరిగాక ఒక సాయంత్రం, నేనూ ఆదెమ్మా పలకలు కడుగుతున్నాం. గోడకవతల కోటయ్య గొంతు లేచింది. తర్వాత ఆ చప్పుడు. యల్లమ్మ అరవలేదు, ఎప్పుడూ అరవదు. ఆదెమ్మ తల వంచుకుని, పలక మీద చెయ్యి వేగం పెంచింది. పదకొండేళ్ళ పిల్ల. ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది.

నేను లేచాను. తడి చేతులు తుడుచుకోకుండానే కోటయ్య గుమ్మం దాటి, వాళ్ళిద్దరి మధ్యకు వెళ్ళి నిలబడ్డాను. విధవరాలు ఇంట్లోకి వచ్చిందని కాదు, ఆడది మధ్యలోకి వచ్చిందని కోటయ్య నివ్వెరపోయాడు.

"తప్పుకో వదినా. ఇది మా ఇంటి సంగతి."

"వద్దు కోటయ్యా," అన్నాను.

ఆయన చెయ్యి ఆగలేదు. తర్వాతి దెబ్బ నా భుజం మీద పడింది. నేను తప్పుకోలేదు. "వద్దు," అన్నాను మళ్ళీ, ఈసారి వీధిలోకి వినిపించేటట్టు.