చివర ‘సుగు’ అని ఉన్న ఫైలు

శుక్రవారం పొద్దున సాయి కిరణ్ వచ్చేసరికి దేశానికి తిరిగి వెళ్లిపోతున్న సుగుణ ఇల్లు సగం అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయింది. అతను ఇక్కడ గల్ఫ్‌లో, రుసైల్ ఫ్యాక్టరీలో ఆమె భర్త శ్రీరామచంద్రమూర్తి కింద పనిచేసిన ఇంజనీరు. మూర్తి డ్యూటీలోనే గుండె ఆగి పోయాక కాగితాల కోసం ఆఫీసులన్నీ తిరిగిందీ అతనే.

“పెసరట్లు వేశాను. తిన్నాకే పని.”

“ముందు పని చెప్పండక్కా. తిన్నానంటే నిద్రపోతాను. మా ఆవిడ ఇచ్చిన సర్టిఫికెట్ అది.”

సుగుణ నవ్వి, పెన్‌డ్రైవ్ అతని చేతిలో పెట్టింది.

పెళ్లిరోజుకని మూర్తి ఏదో మాట్లాడి రికార్డు చేసి అందులో పెట్టాడు. ఆయనకి ప్రోగ్రాములు రాయడం సరదా. “మామూలు పాటలా దాస్తే ముందే వినేస్తావు. బిల్లు కట్టకుండానే చీర మడత విప్పే మనిషివి నువ్వు,” అంటూ ఫైలు పేరు చివర సుగు అని తోక తగిలించి, తను రాసిన ప్రోగ్రాంలో తప్ప పలకకుండా చేశాడు. ఆ పెళ్లిరోజు రాకముందే పోయాడు. ప్రోగ్రాం ఉన్న లాప్‌టాప్ కంపెనీది. తీసుకెళ్లి అందులోవన్నీ చెరిపేశారు.

“ఆ ప్రోగ్రాం లేకపోయినా ఫర్లేదక్కా,” అన్నాడు సాయి కిరణ్ తన లాప్‌టాప్ తెరుస్తూ. “కంప్యూటరు తోక చూసి, ఇది ఫోటో, ఇది పాట అని దాని ప్రోగ్రాంకి దాన్ని అప్పగిస్తుంది. ఈ తోక దానికి తెలీదు, అంతే. ఏ ఫైల్లోనైనా లోపల ఉండేవి అంకెలే. సారు ఏ వరసలో పేర్చారో పట్టుకుంటే నేనే వినిపిస్తాను.”

సుగుణ స్టవ్ కట్టేసి వచ్చి పక్కన కూర్చుంది. ఆ గొంతు విని నెలలైంది.

అతను స్క్రీన్ చూస్తూ ఆగిపోయాడు. “ఇంత చిన్నదేంటి? మీరేమైనా తెరిచారా?”

“తెరిచాను. దేంతో తెరవాలని అడిగితే నోట్‌ప్యాడ్ నొక్కాను. పైన నాలుగు లైన్లు బాగానే ఉన్నాయి, నా పేరూ అదీ. కిందంతా చుక్కలు, డబ్బాలు, పిచ్చిగీతలు. వైరస్ పట్టిందనుకున్నా. ఆ చెత్తంతా తీసేసి సేవ్ చేశాను. నీకు పని తేలికవుతుందని.”

సాయి కిరణ్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

“ఏం బాబూ?”

“ఆ చెత్తే సారు గొంతక్కా. గొంతుని అక్షరాలనుకుని చదివితే అలాగే కనిపిస్తుంది.”

సుగుణ తన చేతుల్ని చూసుకుంది. ఎన్నేళ్లుగా బియ్యం ఏరిన చేతులు! బియ్యం పారబోసి రాళ్లు దాచుకున్నాయి.

“చెరిపినచోట ఇంకేదీ పడకపోతే ఒక్కోసారి వెనక్కి లాగొచ్చు. ఆ తర్వాత దీంట్లో ఇంకేమైనా పెట్టారా?”

“మా అమ్మాయి రిషిత చిన్నప్పటి ఫోటోలు, వీడియోలు. ఇంక చోటు లేదనేదాకా పెట్టాను.”

అయినా అతను మధ్యాహ్నం నమాజు పిలుపు వినపడేదాకా ప్రయత్నించాడు. ఆఖరికి, “నా వల్ల కాదక్కా,” అన్నాడు.

“నువ్వేం చేస్తావులే. ఆ మిగిలిన నాలుగు లైన్లూ చదువు.”

సుగుణ పేరు. తారీఖు. ఏ మైకుతో రికార్డు చేశాడో. నాలుగో లైను అతను పైకి చదవకుండా తెర మీదకి వంగాడు.

“అదేంటి?”

“ఎంతసేపు మాట్లాడారో ఉంది. దాదాపు అరగంట.”

“అరగంటా? ఆయనా? ఫోన్ చేస్తే ‘ఊఁ, వస్తున్నా’ అని పెట్టేసేవారు. పెళ్లిచూపుల్లోనూ మా నాన్నే మాట్లాడాడు.”

అతను లాప్‌టాప్ మూయబోయాడు. సుగుణ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఉండనీ. అరగంటసేపు నాతో చెప్పడానికి ఆయనకేం ఉంది సాయీ?”