పిండి కింద పేరు

పడవ యజమాని వాసర్ గారు ఆగస్టులోనే బయల్దేరాలన్నప్పుడు కాతెల్ అత్త నవ్వేసింది. నాన్న మాత్రం నవ్వలేదు.

ఫ్రాన్సులోని మా బ్రిటనీ రేవుల నుంచి కరీబియన్ దీవులకి తెరచాప పడవలు నడిపి అప్పగించి రావడం నాన్న పని. అత్త ఆయనకి తోడు వెళ్తుంది. దారి చిన్నపిల్లలకి కూడా తెలుసు: వెన్న కరిగేదాకా దక్షిణానికి పో, తర్వాత పడమరకి తిరుగు. కానీ అలా తిరిగేది చలికాలంలోనే. ఆగస్టులో ఆ వెచ్చని నీళ్ళ మీద తుఫాన్లు పుడతాయి. బీమా వాళ్ళు కూడా చేతులెత్తేస్తారు.

బీమా సంగతి తాను చూసుకుంటానన్నారు వాసర్ గారు. మంచినీళ్ళకి కానరీ దీవుల్లో ఆగుదామని నాన్న పటం మీద వేలు పెడితే, ఆయన ఆ వేలిని మెల్లగా పక్కకి జరిపారు. అక్కడి రేవు అధికారులు కాగితాలడిగి కాలం తినేస్తారట.

"ఈయనకి తుఫానంటే భయం లేదు, కాగితాలంటేనే భయం," అంది అత్త నాన్నతో, వాసర్ గారు వెళ్ళాక. "పైగా బయటి చెప్పులతో పడవెక్కాడు, సొంత పడవ చెక్కని ఎవడైనా అలా తొక్కుతాడా? నీకు కనబడలేదేమిట్రా గుల్వెన్?"

కనబడే ఉంటుంది. కానీ కిందటేడు నాన్న భుజం విరిగినప్పటి నుంచి ఒక్కరూ పడవ ఇవ్వలేదు. ఇక సముద్రం దాటలేడని రేవంతా అనుకుంటోంది. పటాలు బల్ల మీద పరిచి, గాలులు ఎటునుంచి వీస్తాయో పెన్సిలుతో గీసుకుంటూ నాన్న మళ్ళీ ఈల వేస్తున్నాడు. ఆ ఈల ఆగిపోవడం అత్తకీ ఇష్టం లేదు, నాకూ లేదు.

ఏ పడవ ఒప్పుకునే ముందైనా నాన్న యజమానిని ఒక మాట అడుగుతాడు: దీని పేరు ఎప్పుడైనా మార్చారా? పేరు మారిన పడవ వెనక నీళ్ళలో ఒక పాము వెంటాడుతుందని మావాళ్ళ నమ్మకం. ఆగస్టు పదిహేనున, మేరీమాత పండుగ నాడు పడవ తన నురగ బాటని తానే అడ్డంగా దాటి ఆ పాముని తెంపాలి. అందుకే పేరు మార్చినవాళ్ళు దాచరు, వాళ్ళే ముందుగా చెప్పుకుంటారు.

"దీన్ని నేనే కట్టించాను కెప్టెన్ గారూ. పుట్టినప్పటి నుంచీ అజూరే," అన్నారు వాసర్ గారు.

మర్నాడు పొద్దున్న పడవ కడగడానికి నన్ను పంపారు. వెనకభాగం మీద అజూర్ అనే నీలం అక్షరాల కింద తడిగుడ్డకి ఏదో గరుకుగా తగిలింది. తుడిస్తే పోలేదు. మా ఇంటి వంటగదిలో మేం అట్లు పోసుకునే నల్లగోధుమ పిండి ఉంది. ఒక గుప్పెడు తెచ్చి అక్కడ అద్దాను. ఊడదీసిన పాత అక్షరాల జిగురుకి పిండి పట్టుకుంది. అంచులు, వంపులు, ఒక్కో అక్షరం పైకి తేలాయి. హిరోందెల్.

గబగబా కడిగేశాను. ఎవరికీ చెప్పలేదు. పరాయివాళ్ళ ముందు నాకు నోరు పెగలదు, ఇంట్లో ఆ ఈల వింటే అసలు పెగల్లేదు. కానీ పాత పేరు దాచారంటే అది దొంగ పడవే అయ్యుండాలి. అలాంటిదాన్ని సముద్రం దాటిస్తే, తెలియక చేశానంటే ఎవరు వింటారు? నాన్న లైసెన్సు పోతుంది, మనిషి జైలుకి పోతాడు. అయినా నాకే అనుమానం, అది నిజంగా పేరేనా, లేక నేనే ఊహించుకున్నానా అని.

పండుగ నాడు పడవని ఒకసారి నడిపి చూద్దామని నాన్న అందరినీ ఎక్కించాడు. వాసర్ గారు అదే చెప్పులతో వచ్చారు. రేవు దాటాక, ఇవాళ పండుగే కదా, ఎందుకైనా మంచిది పాముని తెంపేద్దామంది అత్త. ఆ చాదస్తానికి టైము లేదు, రేపే బయల్దేరాలి అన్నారాయన. నాన్న చుక్కాని పట్టుకుని, మళ్ళీ అదే మాట అడిగాడు, మర్యాదగానే.

"చెప్పానుగా. పేరు మారలేదు."

నాన్న సరేనని తలూపాడు. రేపు ఈ పడవలోనే వెళ్ళిపోతాడు.

"దీని పేరు హిరోందెల్," అన్నాను.

నా గొంతు నాకే వినబడిందో లేదో. వాసర్ గారికి మాత్రం వినబడింది. అదేమిటని అడగలేదు. నవ్వలేదు. నా వైపు ఒక అడుగు వేశారు.

"నీకెవరు చెప్పారు?"

అత్త ఆయనకీ నాకూ మధ్యకి వచ్చి కూర్చుంది, తాడు సర్దుతున్నట్టు. నాన్న చుక్కాని తిప్పాడు. పడవ మా నురగ బాటని అడ్డంగా కోసి రేవు వైపు తిరిగింది.

"ఎక్కడికి?" అన్నారు వాసర్ గారు.

"కాగితాలడిగే వాళ్ళ దగ్గరికి. మీరు కట్టించిన పడవే అయితే ఎంతసేపండీ, అరగంట పని."

పడవ రేవు చేరగానే, తాడు కట్టకముందే వాసర్ గారు గట్టు మీదకి దూకి, కారు వైపు నడిచి వెళ్ళిపోయారు. పడవ కోసం మళ్ళీ రాలేదు.

ఆ సాయంత్రం నాన్న పటాలు చుట్టి అటక మీద పెట్టేశాడు. ఈల లేదు. నేను బల్ల మీద రొట్టె, వెన్న పెట్టాను. వెన్న ఇంకా గట్టిగానే ఉంది. నాన్న కత్తితో పెద్ద ముక్క కోసి, ముందు నా రొట్టె మీదే రాశాడు.