వెనక చక్రాల మీద నేరం

పళ్ళ డాక్టరు మూడు నెలలుగా కారు వెనక భాగం గురించే ఆలోచిస్తున్నాడు. రోగి నోరు తెరిచి పడుకుంటే, ఆ నోట్లో పళ్ళకి బదులు అతనికి స్ప్రింగులు కనిపించేవి.

కారు చిన్నది, రెండు తలుపులది. పరుగులో మాత్రం గడుసుది. మూడు నెలల కింద వానలో వంతెన దిగే మలుపు దగ్గర దాని వెనక భాగం పక్కకి జారింది. కారు గిర్రున తిరిగి, వచ్చిన దారికేసి చూస్తూ నిలబడింది. ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ వెనక సీట్లో ఉన్న అతని పదకొండేళ్ళ కూతురు ఆనాటి నుంచి కారెక్కలేదు. బతిమాలితే దగ్గరదాకా వచ్చి, తలుపు మీద చెయ్యి వేసి, తీసేసేది.

"వెనక చక్రాలే మోసం చేశాయి పిట్టా. మంచి సామాను వేయిస్తాను" అని మాటిచ్చాడు. ఆ మాట కూతురికన్నా తనకే ఎక్కువ ఊరటగా ఉందని అప్పుడతను గమనించుకోలేదు.

ఆదివారం పొద్దున జాబితా పట్టుకుని బావ షెడ్డుకి వెళ్ళాడు. బావ అంటే భార్యకి అన్న. వేగంగా నడిచే కార్లకి కాళ్ళూ కీళ్ళూ సరిచేయడం అతని పని.

బావ కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని చదివాడు. "గట్టి స్ప్రింగులు, గట్టి షాకులు, గట్టి బుష్‌లు... కారుకా బావా ఇవి, రోడ్డు రోలరుకా?"

"నవ్వకు. కడ్డీ సంగతి చూడు."

మలుపులో కారు ఒరిగిపోకుండా వెనక చక్రాలు రెండిట్నీ కలిపి పట్టే ఉక్కు కడ్డీ అది. దొరికేవాటిలో అన్నిటికన్నా లావుది రాశాడు.

"ఎంత లావైతే అంత పట్టు కదా?"

"ఎవడు చెప్పాడు? నీ బండికి అది వేస్తే వెనక భాగం ఇంకా తొందరగా జారుతుంది. పోటీలాడేవాళ్ళకి అదో సరదా. నీకెందుకు?" కాగితం మడిచి చేతిలో పెట్టాడు. "ఎక్కు. వెనకాల."

ఇది బావ పద్ధతి. వెనక సామాను ఎంచుకోవడానికి ఎవరొచ్చినా, ముందు వాళ్ళ కారులో వాళ్ళనే వెనక సీట్లో కూర్చోబెట్టి తను నడుపుతాడు. ఎంత గొప్పవాడైనా మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చోవలసిందే.

ఆరేళ్ళలో డాక్టరు తన కారు వెనక సీట్లో కూర్చోవడం ఇదే మొదటిసారి. కిటికీ అద్దం దిగదు. ముందు సీట్లు గోడల్లా ఉన్నాయి. వాటి మధ్య సందులోంచి గేరు కర్ర, నడిపేవాడి మోకాలు కనిపిస్తున్నాయి. రోడ్డు మాత్రం కనిపించదు.

గోదాముల వెనక ఖాళీ సిమెంటు స్థలం రాత్రి వానకి ఇంకా తడిగానే ఉంది. బావ అక్కడ గుండ్రంగా తిప్పసాగాడు. ఒకటి, రెండు, మూడు చుట్లు.

"వెనక భాగం పట్టుకునే ఉందా?"

"ఉంది."

అంతలో బావ మోకాలు చటుక్కున పైకి లేచింది. నడుము కింద నేల లాగేసినట్టయింది. డాక్టరు రెండు చేతులతో ముందు సీటుని వాటేసుకున్నాడు. బావ స్టీరింగు సర్ది కారాపాడు.

"ఇప్పుడు నేనేం చేశాను?"

జవాబు మూడు నెలలుగా అతని లోపలే ఉంది. రోగులు మంచి పన్ను చూపించి నొప్పంతా ఇక్కడే అంటారు. పీకమని పట్టుబడతారు. అలాంటివాళ్ళని అతను ఎన్నిసార్లు మందలించలేదు! ఆ రోజు మలుపు మధ్యలో వేగం ఎక్కువైందని గుండె ఝల్లుమంది. పాదం యాక్సిలరేటరు మీంచి లేచిపోయింది. లేచిపోయిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు, ఎవరో పరాయివాడి పాదమైనట్టు.

"కాలు తీసేశావు" అన్నాడు. పట్టుకున్న సీటు వదిలి, "ఆ రోజు నేనూ తీసేశాను" అన్నాడు.

బావ వెనక్కి తిరగలేదు. "తెలుసు. మలుపులో చటుక్కున కాలు తీస్తే బరువంతా ముందుకి పడి వెనక చక్రాలు పట్టు వదిలేస్తాయి. మర్నాడే విప్పి చూశాగా. కీళ్ళ మధ్య రబ్బరు బుష్‌లు కాస్త అరిగాయి, అంతే."

"మరి చెప్పవేం?"

"అడిగితే కదా! నువ్వొచ్చి జాబితా అప్పజెప్పావు."

కాగితం మీద కొట్టివేతలన్నీ అయ్యాక రెండే మిగిలాయి. కంపెనీ వేసినంత మెత్తటి రబ్బరు బుష్‌లు, తడి రోడ్డుకి సరిపోయే షాకులు. పాత కడ్డీ ఎక్కడిదక్కడే. ఇక ప్రతి ఆదివారం ఆ సిమెంటు స్థలంలోనే నడపడం నేర్పుతానన్నాడు బావ.

ఇంటికొచ్చేసరికి కూతురు బల్ల దగ్గర పటానికి రంగులేస్తోంది.

"కొత్త చక్రాలు వేయించావా నాన్నా?"

ఊఁ అంటే చాలు. రేపే కారెక్కవచ్చు. నిజం చెప్తే ఇక ఎప్పటికీ ఎక్కకపోవచ్చు. అతను పక్కన కూర్చున్నాడు.

"తప్పు చక్రాలది కాదు పిట్టా. నాకు భయమేసి కాలు తీసేశాను. అందుకే తిరిగిపోయింది."

ఆమె రంగులేయడం ఆపలేదు. "నాకు తెలుసు. నీ మోకాలు ఇలా లేచింది."

"తెలిస్తే మరి..."

"నువ్వేమో చక్రాలు చక్రాలన్నావు. నీకు తెలీదేమో, మళ్ళీ అలాగే చేస్తావేమో అనుకున్నా."

అతను కుర్చీ ఆమెకి ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత మెల్లిగా చెప్పాడు. "మామయ్య దగ్గర నేర్చుకుంటున్నాను. కాలు తీయకుండా ఉండడం."

"వచ్చేసిందా?"

"ఇంకా లేదు."

కూతురు బ్రష్షు నీళ్ళలో ముంచి, అతనికేసి చూసింది.

"వచ్చే ఆదివారం నేనూ వస్తా. బయట నించుని చూస్తా, ఎక్కను."