విన్‌ఫీల్డ్ పేర్చిన ఏడక్షరాల మాటలు

పక్షవాతం వచ్చిన మూడో నెలలో విన్‌ఫీల్డ్ మళ్ళీ మాట్లాడుతున్నాడని అతని భార్య ఇనెజ్ నమ్మింది. నోటితో కాదు, ఇంగ్లీషు అక్షరాలు పేర్చి మాటలు కట్టే స్క్రాబుల్ ఆట బిళ్ళలతో.

ఆ ఆటలో బార్బడోస్ దీవి మొత్తానికీ ఒకప్పుడు అతనే మొనగాడు. చేతిలోని ఏడు బిళ్ళలూ ఒకే మాటలో వేస్తే ఎక్కువ పాయింట్లు గనక, బస్సు కండక్టరుగా టికెట్లు చింపుతూ కూడా ఏడక్షరాల ఇంగ్లీషు మాటలు గొణుక్కునేవాడు. పెళ్ళాం పిలిస్తే మాత్రం పలికేవాడు కాదు. "ఏడక్షరాల మాటనై పుట్టినా బాగుండేది, నా వంక చూసేవాడివి" అని ఇనెజ్ నలభై ఏళ్ళు సణిగింది. ఇప్పుడు మూతి వంకరపోయింది, కుడిచెయ్యి పడిపోయింది, ఎవరేమడిగినా గోడకేసే చూస్తాడు. ఆ చూపు వెనక మనిషి ఉన్నాడో లేడో తెలియక ఆవిడ ప్రాణం ఉసూరుమనేది.

ఊరికే ఉన్న ఎడమచేతికి కాస్త పని ఉంటుందని ఒక ఉదయం బిళ్ళల పెట్టె తెచ్చి అతని ముందు బోర్లించింది. రోజూ అడిగే ప్రశ్నే మళ్ళీ అడిగింది.

"విన్‌ఫీల్డ్, నేనెవరో తెలుస్తోందా?"

అతను ఒక్కో బిళ్ళా ఏరి వరసగా పేర్చాడు. సర్టెన్. సందేహం లేదు, నిశ్చయం అని అర్థం. ఇనెజ్ పక్కింటి వాళ్ళను పిలిచి మరీ చూపించింది.

మర్నాడు ట్రెయిన్డ్ అని పేర్చాడు. తర్ఫీదు పొందిన, అని. "ఎవరికయ్యా తర్ఫీదు, నాకా? నీకు చొక్కా ఇస్త్రీ చేసుకోవడం నేర్పింది ఎవరు?" అని కిలకిలా నవ్వింది. ఆ పై రోజు గ్రానైట్. సమాధి మీద పెట్టే గట్టి రాయి అడుగుతున్నాడనుకుని ఆ పూట ఆవిడకు ముద్ద దిగలేదు. తర్వాత హెయిర్‌నెట్, జుట్టుకు వేసుకునే వల. పెళ్ళయిన కొత్తలో ఇనెజ్ హోటల్ వంటగదిలో అది తలకు పెట్టుకునే పనిచేసింది. "అమ్మ దొంగా, ఇంకా గుర్తుందా!" అంటూ బీరువా గాలించి పాత వలను తలకు తగిలించుకుంది. శుక్రవారం ఇనర్షియా. నిఘంటువు తిప్పితే, కదలనిది కదలకుండానే ఉండిపోవడం అని ఉంది. "నీ గతి నువ్వే చెప్పుకుంటున్నావా నాయనా" అని భోరుమంది.

శనివారం గిటెన్స్ వచ్చాడు. విన్‌ఫీల్డ్‌తో ముప్ఫై ఏళ్ళు పోటీపడి, ముప్ఫై ఏళ్ళూ ఓడినవాడు. కొబ్బరి రొట్టె నములుతూ ఇనెజ్ చెప్పిందంతా విని, రొట్టె పళ్ళెంలో పెట్టేశాడు.

"ఇనెజ్ గారూ, కోప్పడకండి. వీడికి ఈ మాటల అర్థాలు తెలీవు. మాలో చాలామందికి తెలీవు. ఆటలో అర్థంతో పనేముంది? ఆర్, ఇ, టి, ఐ, ఎన్, ఎ. ఈ ఆరూ మారవు. ఏడోది సి కలిపితే సర్టెన్, డి కలిపితే ట్రెయిన్డ్. మధ్యలో ఇ, ఎఫ్ మర్చిపోయినట్టున్నాడు, ఆ తర్వాత జి, హెచ్, ఐ, ఇలా చివరిదాకా. ఆ వరసలోనే బట్టీ పడతాం. వీడు పాఠం అప్పజెప్తున్నాడు, అంతే."

"మరి నేనెవరో తెలుసా అంటే, నిశ్చయం అన్నాడే?"

"పాఠం సి తోనే మొదలు మరి" అన్నాడు గిటెన్స్, నేల చూపులు చూస్తూ.

అతను వెళ్ళాక ఇనెజ్ పెట్టె తీసుకెళ్ళి బీరువా మీద పడేసింది. "ఇన్ని మాటలు పోగేశావు, ఒక్కదానికైనా అర్థం తెలుసుకోవాలనిపించలేదురా నీకు?" అని జీవితంలో మొదటిసారి మొగుణ్ణి 'రా' అంది. సిగ్గేసింది, కోపమొచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా దిగులేసింది. రెండు రోజులు పలకరించలేదు. మూడో రోజు అతను మళ్ళీ గోడకేసి చూడటం మొదలుపెడితే తట్టుకోలేకపోయింది.

"సరే. సగం చదువు నువ్వు చదివావు. మిగతా సగం నేను చెప్తా" అంటూ పెట్టె దించింది.

ఆనాటి నుంచి రోజుకో మాట. అతను పేర్చడం, ఆవిడ అర్థం చెప్పడం. హెయిర్‌నెట్ నాడు ఆ వలను అతని బట్టతలకే తొడిగింది. గ్రానైట్ నాడు అతని చెయ్యి పట్టుకుని వంటగట్టు రాయి మీద రుద్దింది. జాబితా మూడుసార్లు తిరిగింది. బిళ్ళలు మాత్రం అదే వరస, కళ్ళల్లో అదే శూన్యం. ఇనెజ్ ఆశ వదులుకుంది, అలవాటు మాత్రం వదల్లేదు.

ఒక సోమవారం ఆవిడ పొయ్యి దగ్గర మొక్కజొన్న పిండి, బెండకాయలు వేసి కూకూ కలుపుతోంది. చెయ్యి ఆపితే ఉండకడుతుంది. నిన్ననే జాబితా మళ్ళీ మొదలైంది, ఇవాళ డి రావాలి. ఓరకంట చూసింది. అతను పేర్చింది లెట్రిన్.

"సి తర్వాత ఎల్ వస్తుందా ఎక్కడైనా? ఆ వరస కూడా పోయిందా, నా ఖర్మ!" అని నిట్టూర్చి గరిటె తిప్పుతూనే ఉంది.

అతను బల్ల మీద దబ్బున కొట్టాడు.

"ఏమిటయ్యా గోల, అంటుకుపోతుందిక్కడ!"

మళ్ళీ కొట్టాడు. బిళ్ళలన్నీ ఎడమచేత్తో ఆవిడ వైపు తోశాడు. గోడను వదిలి ఆవిడనే చూస్తున్నాడు, చూసి నడవా చివరి తలుపు వైపు తల తిప్పాడు. ఆ మాటకు అర్థం చెప్పిన రోజు ఇనెజ్ అతని చక్రాల కుర్చీ తోసుకెళ్ళి చూపించింది ఆ తలుపే.

గరిటె చేతిలోంచి జారింది. "అయ్యో నా తండ్రీ, నన్నే అడుగుతున్నావా!" అని కుర్చీ పట్టుకుని ఒకటే పరుగు.

సగం దారిలోనే పని అయిపోయింది. వెనక పొయ్యి మీద కూకూ మాడి వాసనేస్తోంది. ఇనెజ్ అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, నేల తుడుస్తూ, కళ్ళూ తుడుచుకుంటూ, "తప్పు నాదే విన్‌ఫీల్డ్. నువ్వు చెప్పావు, నేనే వినలేదు" అంది.